శ్రుతి పరికరం నెంబరు ఒకటి

తాను యజమానినన్న సంగతి కోటిలింగానికి యాభై ఎనిమిదో ఏట, రిజిస్టర్డ్ పోస్టులో తెలిసింది.

అంతవరకూ అతను తనను సన్నాయి విద్వాంసుడనే అనుకుంటూ వచ్చాడు. గరువుపాలెం చుట్టుపక్కల పాతిక ఊళ్లవాళ్లూ అలాగే అనుకున్నారు. పెళ్లి కుదిరితే ముందు కోటిలింగం మేళం ఏ రోజు ఖాళీగా ఉందో కనుక్కుని, ఆ తర్వాతే ముహూర్తం పెట్టించుకునే ఇళ్లు కూడా ఉన్నాయి. మేళంలో ఆరుగురు. సన్నాయి కోటిలింగం, పక్క సన్నాయి అతని తమ్ముడు, రెండు డోళ్లకు భద్రమూ భద్రం అన్నా, తాళానికి పిచ్చయ్య, శ్రుతికి గురవయ్య. ఈ గురవయ్య కోటిలింగం అక్క నాంచారమ్మ మొగుడు. అరవై దాటిన మనిషి. మాటలు తక్కువ, ఊపిరి ఎక్కువ.

చిక్కంతా కోవెల కల్యాణం దగ్గర మొదలైంది. ఏటా అయిదు రోజులు కోటిలింగం మేళమే వాయిస్తుంది. ఈ ఏడు మాత్రం రిజిస్ట్రేషన్ ఉన్న మేళాలకే పని ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కోటిలింగం తాలూకా ఆఫీసుకు వెళ్లి కాగితం నింపాడు. ‘పనివారి సంఖ్య’ అన్నచోట ‘ఆరు’ అని రాశాడు. తనను తాను లెక్కలో వేసుకోకూడదని అతనికి తోచలేదు. మేళమంటే ఆరుగురు. జీపులోనైనా, పంక్తిలోనైనా, అడిగినవాడికి చెప్పేటప్పుడైనా ఆరుగురే.

అయిదుగురికి మించి పనివారున్న ప్రతి సంస్థకూ కొత్తగా ఒక చట్టం వర్తిస్తుందని అతనికి తెలియదు. దాని అసలు పేరు శ్రామిక వైవిధ్య పరిరక్షణ చట్టం. జనం విసుగు చట్టం అంటారు. మనిషి ఒకే పని చేస్తూ పోతే విసుగొస్తుంది, విసుగొస్తే కుంగిపోతాడు, కుంగిపోయిన మనిషివల్ల దేశానికి నష్టం. ఈ సత్యాన్ని పెద్దలు ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ, ఒకే విషయం మీద పదకొండు సమావేశాలు పెట్టుకుని కనుక్కున్నారు. కాబట్టి ఏ యజమానీ ఏ పనివాడి చేతా నలభై ఐదు నిమిషాలకు మించి ఒకే పని చేయించరాదు.

రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కాగితంలో ‘యజమాని శ్రీ కోటిలింగం గారికి’ అని ఉంది. అతను దాన్ని భార్యకు చూపించి కాసేపు మీసం దువ్వుకున్నాడు. రెండో పేజీ చదివాక దువ్వడం ఆపాడు.

*

తనిఖీకి వచ్చినావిడ పేరు దమయంతి. శ్రామిక వైవిధ్య అధికారిణి. మంచి మనిషి, అది ముందే చెప్పాలి. ఆవిడ లంచం తీసుకోదు, కసురుకోదు, పనివాళ్ల కష్టం చూస్తే నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అందుకే ఆవిడంటే యజమానులకు అంత హడలు.

ఓ పెళ్లిలో మేళం ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. చేతిలో పలక లాంటి ఫోను. నలభై ఐదు నిమిషాలు కదలకుండా చూసి, కోటిలింగం సన్నాయి దించగానే గురవయ్య వైపు వేలు చూపించింది.

“ఈయన చేసే విధి ఏమిటి?”

“శ్రుతండీ.”

“వివరించండి.”

“ఆయన చేతిలో ఉండేది ఒత్తు అంటారమ్మా. సన్నాయి మాదిరే ఉంటది గానీ వేళ్లు ఆడించడానికి బెజ్జాలుండవు. ఆయన ముక్కుతో గాలి పీల్చుకుంటా దాన్ని ఆపకుండా ఊదతా ఉంటాడు. మేమందరం ఆ ధ్వనిని పట్టుకుని వాయిస్తాం.”

“ఎన్ని స్వరాలు ఊదుతారు?”

“ఒకటేనమ్మా.”

“పూటకా?”

“పూటకూ అదే, పెళ్లికీ అదే.”

“ఎన్నాళ్లుగా?”

“ముప్ఫై నాలుగేళ్లయింది.”

దమయంతి ఫోనులో రాయడం ఆపింది. సర్వీసులో ఆవిడ చాలా చూసింది. ఊరగాయ సీసాలకు పొద్దస్తమానం చీటీలు అంటించేవాణ్ణి చూసింది. వాడికైనా ఓ రోజు ఆవకాయ చీటీ, ఓ రోజు గోంగూర చీటీ. ఒకే స్వరం మీద ముప్ఫై నాలుగేళ్లు నిలబెట్టిన మనిషిని ఇంతవరకూ చూడలేదు.

ఆవిడ గురవయ్య దగ్గరికి వెళ్లి వంగి, “పెద్దాయనా, మీకు విసుగ్గా లేదా?” అని అడిగింది.

కోటిలింగం సన్నాయి దించినా శ్రుతి ఆగకూడదు కాబట్టి గురవయ్య నోట్లో ఒత్తు అలాగే ఉంది. బుగ్గల్లో గాలి నిలుపుకుని, కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాడు. ‘సమాధానం చెప్పే స్వేచ్ఛ సైతం లేదు’ అని ఆవిడ రాసుకుంది. వెళ్తూ వెళ్తూ భోజనం కూడా చేయలేదు. ఆ పరిస్థితిలో అన్నం సహించలేదని పెళ్లివారికి చెప్పి వెళ్లిపోయింది.

*

వారం తిరిగేసరికి విచారణకు పిలుపొచ్చింది. దమయంతి బల్లకు ఆ పక్క, కోటిలింగం ఈ పక్క. మూలన సీనియర్ అసిస్టెంట్ మార్కండేయులు ఫైళ్ల చాటున టిఫిన్ చేస్తున్నాడు.

“యజమాని గారూ, సదరు కార్మికునికి రెండో స్వరం ఎందుకు మంజూరు చేయలేదు?”

“శ్రుతికి రెండో స్వరం ఉండదమ్మా.”

“ఉండదా, మీరు ఉండనివ్వలేదా?”

“అది కదిలితే మాకు కాళ్లకింద నేలుండదు తల్లీ.”

“పని ప్రదేశంలో నేల వసతి వేరే చట్టం కిందికి వస్తుంది. దాన్ని ఇందులో కలపకండి.” ఆవిడ కాగితం తిప్పింది. “ఇతరులు ఏడు స్వరాలు అనుభవిస్తుండగా ఒక కార్మికుణ్ణి ఒకే స్వరానికి పరిమితం చేయడం వివక్ష కిందికి వస్తుంది. వృత్తి పురోగతి అవకాశాలు శూన్యం. పదకొండో గడి. కార్మికుని పనిని యజమాని చివరిసారి మెచ్చుకున్న తేదీ?”

కోటిలింగానికి నవ్వొచ్చింది. “శ్రుతిని మెచ్చుకునేదేందమ్మా? బాగుంటే అసలది ఉన్నట్టే తెలవదు. తప్పితే తిడతాం.”

“మెచ్చుకోలేదు,” అని చెప్పుకుంటూ ఆవిడ రాసింది. ముప్ఫై నాలుగేళ్ల గడి అది. రెండక్షరాలు కూడా పట్టలేదు, ఒక అడ్డగీతతో సరిపోయింది.

తీర్పు అక్కడికక్కడే వచ్చింది. ప్రతి నలభై ఐదు నిమిషాలకూ మేళంలో పనులు చేతులు మారాలి. మారాయో లేదో చూడటానికి ఈల పట్టుకుని ‘విసుగు మిత్ర’ అనే ఉద్యోగి వస్తాడు. అతను పావుగంటకోసారి ప్రతి పనివాణ్ణీ విసుగొస్తోందా అని అడిగి రాసుకుంటాడు. ముప్ఫై రోజుల్లోగా గురవయ్యకు ‘రి’ ఇవ్వాలి. ఏడాదిలోగా ‘ని’ దాకా తీసుకురావాలి. తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు. రిజిస్ట్రేషన్ లేకపోతే కోవెల కల్యాణం లేదు.

వరండాలోకి వచ్చి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్న కోటిలింగం పక్కకు మార్కండేయులు చేరాడు. “ఎందుకండీ ఈ తలనొప్పి? అయిదుగురైతే చట్టం మీ గడపెక్కదు.”

“అయితే నన్ను తీసేసి అయిదని రాసుకోండి.”

“ఒకసారి ఆరని రాశాక మనిషిని తీసెయ్యాల్సిందే. నిజంగా. రుజువు కావాలి. శ్రుతి వాయించే మిషన్లొచ్చాయిగా? మీట నొక్కితే మోగుతూనే ఉంటుంది. మిషనుకు విసుగుండదు. ఆ పెద్దాయన్ని ఇంటి దగ్గర కూర్చోబెట్టండి.”

పనివాణ్ణి కాపాడటానికి పుట్టిన చట్టానికి కట్టుబడాలంటే అన్నిటికన్నా తేలికైన దారి పనివాణ్ణి తీసెయ్యడమే. కోటిలింగానికి ఇది అర్థం కావడానికి బస్టాండు దాకా నడవాల్సి వచ్చింది.

*

అతను వెళ్లేసరికి గురవయ్య అరుగు మీద కూర్చుని ఒత్తుకు మైనం పెట్టి సరిచేసుకుంటున్నాడు.

“నీకు ప్రమోషనంట బావా. రెండో స్వరం.”

గురవయ్య చేతిలో మైనం జారిపోయింది. “నాకా? నేనేం తప్పు చేశా కోటీ?”

సాధన మొదలైంది. ఒత్తుకు బెజ్జాలు లేవు కాబట్టి కోటిలింగం పాత సన్నాయి చేతికిచ్చాడు. గురవయ్య భయభక్తులతో ‘రి’ పలికించేవాడు. రెండు క్షణాలు నిలిచేది. ఆ వెంటనే ఆ ‘రి’ తనకు తానే జారుకుంటూ వచ్చి ‘స’ దగ్గర కూర్చునేది. పదిరోజులు చూశాక, ఆయన్ని ‘రి’ దగ్గర కట్టేయడం ఎవరి తరమూ కాదని తేలిపోయింది.

“నావల్ల గాదు కోటీ. ఆ స్వరం కాడికి పోతే నాకు ఊరు గాని ఊరికి పోయినట్టుంది.”

పనుల మార్పిడి మాత్రం తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. ఒక మంగళవారం పొద్దున కల్యాణమండపంలో పెళ్లి. ముహూర్తం పది గంటల పన్నెండు నిమిషాలకు. మేళం మొదలెట్టింది తొమ్మిది ఇరవై ఏడుకు. కూడికలు తెలిసినవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడి ఉండేవాళ్లు. మేళంవాళ్లు కూడుకునేది తాళాన్నే, గడియారాన్ని కాదు.

విసుగు మిత్ర మెడలో ఈల వేసుకుని డోళ్ల పక్కనే నిలబడ్డాడు. పావుగంటకోసారి వరసగా అడుగుతున్నాడు. గురవయ్య దగ్గరికొచ్చి, “విసుగొస్తోందా?” అన్నాడు. గురవయ్య తల అడ్డంగా ఊపాడు. మళ్లీ పావుగంటకు, “ఇప్పుడు?” అన్నాడు. మూడోసారి అడిగినప్పుడు గురవయ్య కళ్లలో విసుగు స్పష్టంగానే కనిపించింది.

పంతులుగారు తాళిబొట్టు పెళ్లికొడుకు చేతిలో పెట్టి, మేళం వైపు చెయ్యెత్తి, “గట్టిమేళం!” అని కేకేశారు.

గట్టిమేళం ఎందుకో తెలియనివాళ్లు తెలుగుదేశంలో ఉండరు. తాళి కట్టే క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి అపశకునం మాటా వినపడకూడదు. అందుకే సన్నాయీ డోలూ ఒక్కసారి మిన్ను విరిగినట్టు మోగించాలి. ఆ ఒక్క అరనిమిషం కోసమే జనం మేళాన్ని పిలుస్తారు. మిగతా పూటంతా దానికి ముస్తాబే.

సరిగ్గా అప్పుడు విసుగు మిత్ర ఈల ఊదాడు.

భద్రం డోలు దించి ఒత్తు అందుకున్నాడు. గురవయ్య ఒత్తు ఇచ్చేసి తాళం పుచ్చుకున్నాడు. పిచ్చయ్య భద్రం డోలు మెళ్లో వేసుకుని ఏ చేత్తో కొట్టాలో వెతుక్కుంటున్నాడు. కోటిలింగం సన్నాయి భద్రం అన్న చేతిలోకి వెళ్లింది. ఆయన దాన్ని ఏ వైపు నోట్లో పెట్టుకోవాలా అని చూశాడు. ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారి మేళంలో శ్రుతి ఆగిపోయింది.

మండపమంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పెళ్లికూతురి మేనమామ తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. రెండోదొస్తే దోషం పోతుందని పక్కనున్నవాళ్లు ఆయన ముక్కు కింద పొడుం కూడా పెట్టారు. రాలేదు. పెళ్లికొడుకు తల్లి లేచి నిలబడి, “ఎవరది తుమ్మింది? ఎవరి తరఫు?” అంది. ఆ ప్రశ్న మీద ముప్పావుగంట గొడవ నడిచింది. భద్రం ఊదిన ఒత్తు అంతసేపూ దూడ అరిచినట్టు అరుస్తూనే ఉంది. ఆపితే చట్టాన్ని ఉల్లంఘించినట్టవుతుందని అతని భయం. చివరికి పంతులుగారు పంచాంగంలో ఇంకో ముహూర్తం వెదికిపట్టి, పదకొండున్నరకు తాళి కట్టించారు.

విసుగు మిత్ర తన నివేదికలో ఇలా రాశాడు: ‘పనుల మార్పిడి విజయవంతము. కార్మికులలోగాని, హాజరైన బంధుమిత్రులలోగాని ఏ ఒక్కరికీ విసుగు కలిగిన దాఖలాలు లేవు.’ అందులో అబద్ధమేమీ లేదు.

*

ఆ తుమ్ము మేళం కంటే ముందే ఊళ్లు తిరిగింది. నాలుగు పెళ్లిళ్లవాళ్లు వేరే మేళాన్ని మాట్లాడుకున్నారు. కోవెల మేనేజరు ఫోను చేసి, “కల్యాణానికి ఇంక పదకొండు రోజులే ఉంది. స్వామివారి పెళ్లిలో తుమ్ము వినపడిందంటే నా ఉద్యోగం ఉండదు. ఏదో ఒకటి తేల్చుకో,” అన్నాడు.

కోటిలింగం తేల్చుకోలేకపోయాడు. తేల్చుకున్నది గురవయ్యే. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బెజవాడ వెళ్లి, మధ్యాహ్నానికి తువ్వాల్లో చుట్టుకుని ఒక పెట్టె తెచ్చాడు. కోటిలింగం అరుగు మీద పెట్టి మీట నొక్కాడు. పెట్టె ‘స’ పలికింది. పలుకుతూనే ఉంది.

ఇద్దరూ చాలాసేపు విన్నారు.

“ఇది ఊపిరి పీల్చదు కోటీ. దగ్గు రాదు. జీపులో నా చోటు కూడా మిగులుద్ది.”

“కరెంటు పోతే?”

“బ్యాటరీ ఉందంట.”

“వానొస్తే?”

“సంచీలో పెట్టుకోవచ్చంట.”

కోటిలింగానికి ఇక వంక పెట్టడానికేమీ దొరకలేదు. “నువ్వేం చేస్తావు బావా?” అన్నాడు.

“మీ అక్క గేదెను మేపమంటంది.” గురవయ్య తువ్వాలు మడత పెట్టుకుంటూ అన్నాడు. “గేదె పక్కన కూచున్నా నోట్లో ఊపిరి తిరగతానే ఉంటది. అదొక్కటే ఎట్టా ఆపాలో తెలవట్లా.”

ఉండు బావా, నువ్వు లేకపోతే నాకు సన్నాయి లేదు అని చెప్పాలనుకున్నాడు కోటిలింగం. నోటికి వచ్చింది మాత్రం, “దీని ధ్వని కాస్త పలచగా ఉంది,” అన్నమాటే.

*

మిషను పెట్టుకున్నట్టు ప్రకటించడానికి తొమ్మిదో నమూనా అనే కాగితం ఉంటుంది. మార్కండేయులు దాన్ని ఇచ్చి, బల్ల చివర చోటు చూపించాడు. కోటిలింగం కళ్లజోడు పెట్టుకున్నాడు.

‘పరికరం పేరు.’ శ్రుతి అని రాశాడు. ‘దేనితో పనిచేయును: కరెంటు, నూనె, ఆవిరి, గాలి. వర్తించనివి కొట్టివేయుడు.’

కోటిలింగం కలం కాగితం మీద ఆగింది. గాలి అన్నమాట మీద కాసేపు చూపు నిలిచింది. కరెంటు కొట్టేశాడు. నూనె కొట్టేశాడు. ఆవిరి కొట్టేశాడు. అక్కణ్ణుంచి చెయ్యి ఆగలేదు.

తయారైన ఊరు: మోదుకూరు. తయారైన సంవత్సరం: 1963. ఎత్తు: అయిదున్నర అడుగులు. బరువు: యాభై ఎనిమిది కిలోలు. ఇంధనం: రెండు పూటల అన్నం, మూడు గ్లాసుల కాఫీ. ప్రమాదకరమా: కాదు.

మార్కండేయులు చదివి కళ్లజోడు మీదుగా చూశాడు. “యాభై ఎనిమిది కిలోలా? ఇంత బరువు ఎవరు మోస్తారు?”

“ఎవరూ మొయ్యరండీ. దానంతట అదే వస్తది.”

“ఆటోమేటిక్కా! మరి ముందే చెప్పొద్దూ?” అని ముద్ర గుద్దాడు.

అదే చేత్తో ఆరో మనిషిని తొలగించినట్టు ఇంకో కాగితం మీదా ముద్ర పడింది. రుజువు ఏదని అడిగితే తొమ్మిదో నమూనా చూపించాడు కోటిలింగం. తొమ్మిదో నమూనాకు రుజువు ఏదంటే తొలగింపు కాగితం చూపించాడు. రెండు కాగితాలూ ఒకదాన్నొకటి సమర్థించుకున్నాయి కాబట్టి మార్కండేయులు సంతృప్తి చెందాడు. చిన్న ఇత్తడి బిళ్ల కూడా ఇచ్చాడు. దాని మీద ‘శ్రుతి పరికరం నెం. 1’ అని ఉంది. కనిపించే చోట తగిలించాలి.

గురవయ్య అంతా విన్నాడు. “నన్ను విసుగొస్తందా అని అడగతారా?”

“అడగరు.”

“ఈల?”

“ఉండదు.”

“అన్నం?”

“ఇంధనం కింద రాశా.”

“అయితే నేను మిషన్నే,” అని గురవయ్య బిళ్లను కండువాకు తగిలించుకున్నాడు. పెట్టెను నాంచారమ్మ పప్పుల డబ్బాల పక్కన పెట్టేసింది.

కల్యాణం రోజున దమయంతి కొబ్బరికాయతో వచ్చింది. మేళంలో ఇప్పుడు అయిదుగురే కాబట్టి విసుగు చట్టం లేదు. కానీ కొత్తగా నమోదైన పరికరాన్ని కంటితో చూడాలని నిబంధన. ఆవిడ కాగితం తీసి చూసింది. గురవయ్యను చూసింది. మళ్లీ కాగితం చూసింది. సర్వీసులో పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది. కాగితాన్నే నమ్మింది.

“మొత్తానికి ఆ పెద్దాయనకు విముక్తి కలిగింది,” అంది గురవయ్య పక్కనే నిలబడి. ఆవిడ కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. “ఎక్కడున్నా సుఖంగా ఉండాలి.”

గురవయ్య బుగ్గల నిండా గాలి ఉంది కాబట్టి మర్యాదగా కళ్లు మాత్రం మూసి తెరిచాడు.

గట్టిమేళం మోగింది. ఆ మోతలో పదిమంది తుమ్మి ఉంటారు, ఎవరికీ వినపడలేదు. దమయంతి వెళ్లబోతూ కోటిలింగంతో, “యంత్రం చాలా బాగుంది. మనిషి ఊదినట్టే ఉంది,” అంది.

*

ఎనిమిది నెలలు హాయిగా గడిచాయి. తొమ్మిదో నెలలో ఇంకో శాఖ నుంచి ఇంకో రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. పదిహేనేళ్లు దాటిన పరికరాలు పనివారి భద్రతకు ముప్పు కాబట్టి యజమానులు వాటిని తుక్కు చేయించాలి. ‘మీ వద్దగల 1963 నాటి పరికరమును ముప్ఫై రోజులలో దిగువ చిరునామా వద్ద అప్పగించి రసీదు పొందగలరు. విడదీయు సౌకర్యము అక్కడే కలదు.’

గురవయ్య చదివించుకుని విన్నాడు. “విడదియ్యడమంటే ఎట్టా కోటీ?”

“అట్టాంటిదేం జరగదులే బావా.”

“సంతకం చేసింది నువ్వేగా. ఇయ్యకపోతే నిన్ను పట్టుకుపోతారేమో.”

కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఒక దారి ఉంది. ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో పరీక్షకు నిలిచిన పరికరాన్ని తుక్కు చేయక్కర్లేదు. ఇద్దరూ బస్సెక్కారు. పరికరానికి కూడా టిక్కెట్టు తీసుకున్నారు.

అక్కడి ఇంజనీరు పరమేశం ముక్కుసూటి మనిషి. బోరు మోటార్లు, పిండిమరలు, సైరన్లు పరీక్షించి పరీక్షించి తల నెరిసింది. ఎదురుగా వచ్చింది ఏమిటని అడగడం ఆయన పని కాదు. అది చెప్పినట్టు పనిచేస్తోందా లేదా, అంతే.

“పరికరాన్ని బల్ల మీద పెట్టండి.”

గురవయ్య చెప్పులు విప్పి బల్లెక్కి బాసిపట్టు వేసుకున్నాడు. పరమేశం ధ్వనిని కొలిచే మీటరు పక్కన పెట్టి, కానివ్వమన్నాడు. గురవయ్య ఒత్తు ఎత్తి ఊదాడు. ముల్లు లేచి ఒకచోట నిలబడింది.

అయిదు నిమిషాలయింది. ముల్లు కదల్లేదు. పావుగంటయింది. మీటరు పట్టేసిందేమోనని పరమేశం ఇంకో మీటరు తెచ్చాడు. అదీ అక్కడే నిలబడింది. భోజనాల వేళ గంట మోగింది. ఆయన లేవలేదు. పక్క గదుల్లో మోటార్లు ఆగిపోయి అందరూ అన్నాలకు వెళ్లారు. ఆ ఖాళీ షెడ్డులో ఆ ఒక్క స్వరమే మిగిలింది. కోటిలింగం గోడకానుకుని విన్నాడు. తన సన్నాయి లేకుండా, డోలు లేకుండా, శ్రుతిని శ్రుతిగా వినడం అతనికి ముప్ఫై నాలుగేళ్లలో అదే మొదటిసారి. వింటుంటే ఎందుకో సిగ్గేసింది.

గంటా పది నిమిషాలకు పరమేశం చెయ్యెత్తాడు. కుర్చీలో కూర్చుని తన చేత్తో రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

*

ఆ కాగితానికి నాంచారమ్మ అద్దం కట్టించింది. దేవుడి పటాల వరసలో తగిలించింది. ఆమెకు చదువు రాదు. వచ్చినవాళ్లందరి చేతా చదివించుకుంటోంది. ఆ సాయంత్రం కోటిలింగం గుమ్మంలో అడుగుపెట్టగానే, “తమ్ముడూ, నువ్వొకసారి చదువు. నీ నోట ఇనలా,” అంది.

గురవయ్య మంచం మీద కూర్చుని ఒత్తు తుడుచుకుంటున్నాడు. కోటిలింగం కళ్లజోడు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

“సదరు పరికరమును ఒక గంట పది నిమిషముల పాటు నిరంతరాయముగా పరీక్షించడమైనది. స్వరములో వెంట్రుకవాసి చలనమైనను కనబడలేదు. ఈ కేంద్రమున నేటివరకు పరీక్షించినవాటిలో ఇంతటి స్థిరత్వము గలది మరొకటి లేదు. విడిభాగములు లభ్యము కావు. ఇట్టిది తిరిగి తయారగు అవకాశము లేదు. కావున తుక్కు చేయరాదు. యజమాని దీనిని...”

అక్కడ ఆగాడు.

“చదవరా,” అంది నాంచారమ్మ.

“యజమాని దీనిని మిక్కిలి జాగ్రత్తగా చూసుకొనవలెను.”

నాంచారమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “ఎన్ని పెళ్లిళ్లురా! ఎంతమంది నీకు శాలువాలు కప్పారు! పక్కనున్న ఈయన్ని ఏ ఒక్కడూ ఇదీ అన్నవాడు లేడు. ఇన్నాళ్లకు ఎవరో మహానుభావుడు అన్నాడు.”

కోటిలింగానికి దమయంతి నింపిన పదకొండో గడి గుర్తొచ్చింది. ఆ అడ్డగీత గుర్తొచ్చింది. ఆ రోజు తాను నవ్విన నవ్వూ గుర్తొచ్చింది. ఆవిడ అడిగినవాటిలో ఆ ఒక్కటీ సరైన ప్రశ్నే. అతను వెళ్లి మంచం మీద గురవయ్య పక్కన కూర్చున్నాడు.

“బావా.”

“ఊఁ.”

“నీ శ్రుతి బాగుంటది బావా. మొదటి పెళ్లి నుంచీ బాగుంది. నువ్వు పట్టుకుని ఉన్నావు కాబట్టే నేను యాడికి పోయినా తిరిగొచ్చా. ఎప్పుడూ చెప్పలా.”

గురవయ్య చేతిలో గుడ్డ ఆగింది. మొహం వెలిగింది. అంతలోనే కంగారుగా వీధి గుమ్మం వైపు తొంగిచూసి, కోటిలింగం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“మెల్లగా అను కోటీ. ఆఫీసోళ్లు ఎవరన్నా వింటే మళ్లీ నన్ను మనిషిని చేస్తారు.”